పట్టింది కానీ పలకలేదు: ల్యాప్‌టాప్ డిస్కుల కథ

పోయిన నెల ఇక్కడ ఏమీ రాయలేదు. మా గుడి ల్యాప్‌టాప్ పనిలో పడిపోయాను. ఈసారి ఆ కథే రాస్తున్నాను. ఎప్పుడూ రాసేదానికన్నా పొడుగు. ఓపిక చేసుకుని చదవండి. నా తెలుగులో తప్పులు కనిపిస్తే ఎప్పటిలాగే చెప్పండి, దిద్దుకుంటాను.

కొత్తగా చదివేవాళ్ళకి రెండు మాటలు. మాది డర్బన్. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ మొదటిసారి కూలీలను ఇక్కడికి తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో ఒకదాంట్లో మా ముత్తాత వచ్చాడు. ఇంట్లో మా అవ్వ తెలుగు మాట్లాడేది. బడిలో అంతా ఇంగ్లీషే. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగం వదిలాక, అరవై దగ్గర పడ్డాక. ఇప్పుడు గుడిలో సేవ చేస్తున్నాను. పూలు కడతాను, పురటాశి శనివారాల్లో వంటింట్లో ఉంటాను, మిగతా రోజుల్లో ఆఫీసు గదిలో లెక్కలు చూస్తాను.

ఆ ఆఫీసు గదిలో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. 2015లో కొన్నది. అందులో రసీదులు, సభ్యుల పేర్లు ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది. అప్పట్లో మేము కొందరం పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని పాటలు రికార్డు చేశాం. రామ భజనలు, లాలి పాటలు, పెళ్ళి పాటలు. పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. మా అమ్మ కూడా లేదు. అమ్మ పాడినవి నాలుగు.

ఒకరోజు ల్యాప్‌టాప్ లోపల టిక్ టిక్ అని చప్పుడు మొదలైంది. ఫైలు తెరవాలంటే అయిదు నిమిషాలు పట్టేది. గుడికి వచ్చే కుర్రవాడు ఒకడు యూనివర్సిటీలో చదువుతున్నాడు. వాడు చెవి పెట్టి విని, హార్డ్ డిస్కు పోయేలా ఉంది ఆంటీ, ఎస్ఎస్‌డీ వేద్దాం అన్నాడు. వెనక మూత విప్పి చూశాం. పాత డిస్కు పక్కనే ఒక చిన్న ఖాళీ స్లాటు కనిపించింది. ఇందులో ఎం.2 డిస్కు పడుతుంది అన్నాడు. కమిటీ దానం డబ్బులోంచి కొంత ఇచ్చింది. నేనే కొన్నాను.

డిస్కు వచ్చింది. చూయింగ్ గమ్ బిళ్ళంత ఉంది. స్లాటులో పెడితే చక్కగా కూర్చుంది. గంటు సరిపోయింది, పొడుగు సరిపోయింది, చివర స్క్రూ కూడా బిగిసింది. ల్యాప్‌టాప్ ఆన్ చేశాం. కొత్త డిస్కు ఎక్కడా కనపడలేదు. తీసి మళ్ళీ పెట్టాం. అయినా లేదు.

షాపుకు తీసుకెళ్ళాను. అక్కడి మనిషి తన కంప్యూటర్‌లో పెట్టి చూపించాడు. చక్కగా పనిచేస్తోంది. అప్పుడు ఒక్క వాక్యం చెప్పాడు. మీ స్లాటు ఎం.2 కానీ సాటా మాత్రమే, ఈ డిస్కు ఎన్‌విఎంఇ అన్నాడు. నా చదువంతా ఇంగ్లీషులో. ఆయన చెప్పిందీ ఇంగ్లీషులోనే. ఒక్క ముక్క అర్థం కాలేదు. పెట్టె తెరిచిన సరుకు వెనక్కి తీసుకోం అని కూడా చెప్పాడు. అది మాత్రం బాగా అర్థమైంది.

దేవుడి డబ్బు వృథా చేశానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ల్యాప్‌టాప్‌ను ఎవరూ ముట్టకుండా బీరువాలో పెట్టాను. ఆ తర్వాత మూడు వారాలు చదివాను. చదివినకొద్దీ ఒక సంగతి తెలిసింది. ఇది సామాన్ల ప్రశ్న కాదు, చరిత్ర ప్రశ్న. ల్యాప్‌టాప్‌లో ప్రతి స్లాటూ ఒక సంవత్సరం నుంచి వచ్చింది. ఆ సంవత్సరంలో మనుషులు ఏం అనుకున్నారో అదే ఆ స్లాటులో మిగిలింది. అది తెలిస్తే ఏ డిస్కు కొనాలో కూడా తెలుస్తుంది.

గది నుంచి అరచేతికి

మొదటి హార్డ్ డిస్కు 1956లో ఐబీఎం చేసింది. రామాక్ అనే యంత్రంలో భాగం అది. 24 అంగుళాల పళ్ళేలు 50 ఒకదాని మీద ఒకటి. బరువు ఒక టన్ను దాకా. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. మా అమ్మ పాడిన ఒక్క పాట ఫైలు కూడా ఈరోజు అందులో పట్టదు.

తర్వాత పళ్ళేలు చిన్నవవుతూ వచ్చాయి. 1980లో సీగేట్ 5.25 అంగుళాల డిస్కు తెచ్చింది. 5 మెగాబైట్లు. 1983లో స్కాట్లాండ్‌లో రోడైమ్ అనే సంస్థ 3.5 అంగుళాల డిస్కు చేసింది. 1988లో ప్రెయిరీటెక్ 2.5 అంగుళాల డిస్కు చేసింది. ఈ రెండున్నర అంగుళాల కొలతే ల్యాప్‌టాప్ కొలత అయిపోయింది. ఈరోజుకీ షాపులో రెండున్నర అంగుళాల ఎస్ఎస్‌డీ దొరుకుతుంది. లోపల తిరిగే పళ్ళెం ఏమీ లేదు. అయినా ఆ పాత పళ్ళెం కొలత పోలేదు.

కొలత ఒకటి, తీగ ఇంకొకటి. 1986 ప్రాంతంలో కాంపాక్, వెస్టర్న్ డిజిటల్ కలిసి ఐడీఈ అనే పద్ధతి తెచ్చాయి. అంతకుముందు డిస్కును నడిపే బోర్డు కంప్యూటర్‌లో వేరుగా ఉండేది. ఐడీఈలో ఆ బోర్డు డిస్కు మీదికే వచ్చింది. డెస్క్‌టాప్‌లో దీనికి 40 పిన్నులు. కరెంటుకు వేరే తీగ. ల్యాప్‌టాప్‌లో చోటు లేదు కాబట్టి పిన్నులు దగ్గర దగ్గరగా పెట్టి, కరెంటు కూడా కలిపి 44 చేశారు. భాష ఒకటే, నోరు వేరు. డెస్క్‌టాప్ డిస్కు ల్యాప్‌టాప్‌కు పట్టేది కాదు. అప్పుడు తప్పు చేస్తే కంటికే కనిపించేది.

లెక్క పెట్టలేని డిస్కులు

అప్పుడు కూడా కంటికి కనిపించని తప్పు ఒకటి ఉండేది. అది లెక్కలది. నేను చాలా ఏళ్ళు రేవు దగ్గర సరుకు ఆఫీసులో లెక్కలు రాశాను. మా పాత పుస్తకాల్లో మొత్తం రాసే గడికి ఇన్ని అంకెలు అని గీతలు ఉండేవి. మొత్తం అంతకన్నా పెద్దదైతే రాయడానికి చోటు ఉండదు. డిస్కుల్లో జరిగింది కూడా అదే.

డిస్కులో సమాచారం 512 బైట్ల చిన్న గళ్ళలో ఉంటుంది. ప్రతి గడికీ ఒక నంబరు. ఆ నంబరు రాయడానికి కంప్యూటర్ ఎన్ని అంకెలు కేటాయించిందో అంతవరకే చూడగలదు. 1990 తర్వాత కొన్నేళ్ళు చాలా కంప్యూటర్లు 528 మెగాబైట్లు దాటితే చూడలేకపోయేవి. ఆ తర్వాత 28 బిట్ల నంబరు వచ్చింది. 28 బిట్లతో 26,84,35,456 గళ్ళు లెక్క పెట్టవచ్చు. అంటే 137 గిగాబైట్లు. 2002 ప్రాంతంలో 48 బిట్ల పద్ధతి వచ్చేదాకా అదే హద్దు. విండోస్ ఎక్స్‌పీకి కూడా మొదటి సర్వీస్ ప్యాక్ వేస్తేగాని ఆ హద్దు దాటడం రాలేదు.

కాబట్టి 2000 నాటి ల్యాప్‌టాప్‌లో 160 జీబీ డిస్కు పెడితే పిన్నులు పడతాయి, డిస్కు తిరుగుతుంది. కానీ మొత్తం కనపడదు. పట్టడం వేరు, పలకడం వేరు అన్న పాఠం అప్పటికే ఉంది. నేనే ఇరవై ఏళ్ళు ఆలస్యంగా నేర్చుకున్నాను.

సాటా వచ్చింది

2003లో సాటా మొదటి పద్ధతి ముద్రణకు వచ్చింది. వెడల్పాటి రిబ్బను తీగలు పోయాయి. సమాచారానికి 7 పిన్నులు, కరెంటుకు 15 పిన్నులు. డెస్క్‌టాప్ డిస్కుకు, ల్యాప్‌టాప్ డిస్కుకు ఒకే నోరు. మొదట సెకనుకు 1.5 గిగాబిట్లు, తర్వాత 3, 2009లో 6. పాత దానిలో కొత్తది పెట్టినా సాధారణంగా పనిచేస్తుంది. ఇద్దరిలో ఎవరు నెమ్మదో వారి వేగంతో నడుస్తుంది. ఇది చాలా మంచి మర్యాద. ముసలివాళ్ళతో నడిచేటప్పుడు మనమూ అంతే కదా.

కానీ ల్యాప్‌టాప్‌లు పలచబడుతున్నాయి. రెండున్నర అంగుళాలు అంటే అది పళ్ళెం కొలత మాత్రమే. మందం చెప్పదు. 12.5 మిల్లీమీటర్లు ఉన్న డిస్కులు ఉండేవి. 9.5 చాలాకాలం మామూలు. తర్వాత 7 వచ్చింది. 7 మిల్లీమీటర్ల గూటిలో 9.5 డిస్కు పెడితే మూత పడదు. 9.5 గూటిలో 7 పెడితే కదులుతుంది. అందుకే కొన్ని ఎస్ఎస్‌డీ పెట్టెల్లో ఒక ప్లాస్టిక్ చట్రం ఇస్తారు. అది ఎందుకో తెలియక చాలామంది పారేస్తారు. పారేయకండి.

తిరగని డిస్కు

ఇప్పుడు రెండో కథ. తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఓకా అనే ఇంజనీరు ఫ్లాష్ మెమరీని కనిపెట్టాడు. 1984లో మొదటి రకం గురించి లోకానికి చెప్పాడు. 1987లో నాండ్ అనే రకం గురించి చెప్పాడు. ఈరోజు మన ఫోన్లలో, పెన్ డ్రైవుల్లో, ఎస్ఎస్‌డీల్లో ఉన్నది ఈ నాండే. కరెంటు తీసేసినా ఇది రాసింది మరిచిపోదు. ఒక పెద్ద ముక్కను ఒక్కసారిగా చెరిపేస్తుంది. అది కెమెరా ఫ్లాషులా ఉందని ఆయన సహోద్యోగి అనడంతో ఆ పేరు వచ్చింది.

1991లో సన్‌డిస్క్ అనే సంస్థ ఐబీఎం ల్యాప్‌టాప్‌ల కోసం 20 మెగాబైట్ల ఎస్ఎస్‌డీ చేసింది. ధర సుమారు వెయ్యి డాలర్లు. ఆ సంస్థ పేరు మొదట సన్‌డిస్క్, తర్వాత శాన్‌డిస్క్ అయింది. స్థాపించినవారిలో సంజయ్ మెహ్రోత్రా అనే భారతీయుడు కూడా ఉన్నాడు.

ధర అలా ఉంటే ఎవరు కొంటారు? చాలా ఏళ్ళు ఎవరూ కొనలేదు. 2006లో శాంసంగ్ 32 జీబీ ఎస్ఎస్‌డీతో ఒక ల్యాప్‌టాప్ అమ్మింది. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఒక కాగితం కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించాడు. అందులో 80 జీబీ హార్డ్ డిస్కు బదులు ఎక్కువ డబ్బు ఇస్తే 64 జీబీ ఎస్ఎస్‌డీ వచ్చేది. 2011లో థాయిలాండ్‌లో పెద్ద వరదలు వచ్చి హార్డ్ డిస్కు ఫ్యాక్టరీలు మునిగాయి. హార్డ్ డిస్కుల ధర లోకమంతా పెరిగింది. ఆ రోజుల్లోనే ఎస్ఎస్‌డీ ధర దిగుతూ వచ్చింది.

ఒక విషయం గమనించండి. ఈ ఎస్ఎస్‌డీలు హార్డ్ డిస్కు వేషం వేసుకుని వచ్చాయి. అదే రెండున్నర అంగుళాల డబ్బా, అదే సాటా నోరు. మాట కూడా అదే. సాటా డిస్కుతో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి పేరు ఏహెచ్‌సీఐ. 2004 నాటిది. తిరిగే పళ్ళేల కోసం రాసినది. ఒకే వరుస, అందులో 32 ఆజ్ఞలు. పళ్ళెం తిరిగి ముల్లు చోటికి చేరేదాకా ఎలాగూ ఆగాలి కాబట్టి హార్డ్ డిస్కుకు అది చాలు. ఫ్లాషుకు పళ్ళెమూ లేదు, ముల్లూ లేదు. అయినా ఆ ఒక్క వరుసలోనే నిలబడాల్సి వచ్చింది. వేషం వేసుకోవడం వల్ల లాభం మనది. పాత ల్యాప్‌టాప్‌లో కూడా కొత్త ఎస్ఎస్‌డీ మారు మాట్లాడకుండా పనిచేసింది. నష్టం వేగానిది.

ఒక నోరు, రెండు భాషలు

ఇక్కడి నుంచే నా తప్పు మొదలవుతుంది. పలచని ల్యాప్‌టాప్‌లో రెండున్నర అంగుళాల డబ్బా కూడా ఎక్కువే. 2009లో ఎంసాటా వచ్చింది. డబ్బా తీసేసి బోర్డు మాత్రమే ఉంచారు. కొత్త స్లాటు చేయడం దేనికని, వైఫై కార్డు పెట్టే మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఆకారాన్నే తీసుకున్నారు. ఆకారం ఒకటే, తీగలు వేరు. ఎంసాటా డిస్కును వైఫై స్లాటులో పెడితే చక్కగా పడుతుంది. సాటా తీగలు లేకపోతే కనపడదు.

తర్వాత 2013లో ఎం.2 వచ్చింది. మొదట దానికి ఎన్‌జీఎఫ్ఎఫ్ అని పేరు. ఇది ఇంకా చిన్నది, ఇంకా తెలివైనది. వెడల్పు 22 మిల్లీమీటర్లు. పొడుగు 30, 42, 60, 80, 110. అందుకే 2230, 2242, 2280 అని రాస్తారు. మొదటి రెండు అంకెలు వెడల్పు, మిగతావి పొడుగు. నేను మొదట ఇవి మోడల్ నంబర్లు అనుకున్నాను.

ఎం.2 డిస్కు అంచున ఒక గంటు ఉంటుంది. ఈ మాట నిఘంటువులో వెతికి నేర్చుకున్నాను. చెట్టుకు గొడ్డలితో పెట్టేది కూడా గంటే. ఒక పక్క ఆరు పిన్నులు వదిలి గంటు ఉంటే దాన్ని బి కీ అంటారు. ఇంకో పక్క అయిదు పిన్నులు వదిలి ఉంటే ఎం కీ. కొన్ని డిస్కులకు రెండు గంట్లూ ఉంటాయి, అవి రెండు రకాల స్లాటుల్లోనూ పడతాయి. తప్పు డిస్కు తప్పు స్లాటులో పడకూడదని ఈ గంట్లు పెట్టారు. ఆలోచన మంచిదే.

కానీ భాష సంగతి గంటు పూర్తిగా చెప్పదు. ఎం.2 స్లాటుకు రెండు రకాల తీగలు కలపవచ్చు. సాటా తీగలు కలపవచ్చు, లేదా పీసీఐ ఎక్స్‌ప్రెస్ తీగలు కలపవచ్చు, లేదా రెండూ. అది ల్యాప్‌టాప్ చేసినవాళ్ళ ఇష్టం. ఖర్చు తగ్గించాలంటే ఒకటే కలుపుతారు. బయటికి స్లాటు ఒకేలా కనిపిస్తుంది.

ఈలోగా కొత్త భాష కూడా వచ్చింది. 2011 మార్చిలో ఎన్‌విఎంఇ మొదటి పద్ధతి వచ్చింది. ఇది ఫ్లాషు కోసమే రాసిన భాష. పీసీఐ ఎక్స్‌ప్రెస్ తీగల మీద మాట్లాడుతుంది. ఒక్క వరుస కాదు, సుమారు 65 వేల వరుసల దాకా, ఒక్కో వరుసలో సుమారు 65 వేల ఆజ్ఞల దాకా. మామూలు మనుషుల ల్యాప్‌టాప్‌లకు ఈ డిస్కులు 2015 ప్రాంతం నుంచి రావడం మొదలైంది. శాంసంగ్ 950 ప్రో ఆ ఏడాదిదే.

మా గుడి ల్యాప్‌టాప్ కూడా 2015దే. సరిగ్గా రెండు కాలాల మధ్య పుట్టింది. స్లాటు కొత్త ఆకారం, తీగలు పాత సాటా. నేను కొన్న డిస్కు ఎన్‌విఎంఇ మాత్రమే మాట్లాడుతుంది. ఎం కీ గంటు సరిపోయింది, 2280 పొడుగు సరిపోయింది. ఒకరి మాట ఒకరికి వినపడలేదు. ఇందులో డిస్కు తప్పు లేదు, ల్యాప్‌టాప్ తప్పు లేదు. అడగకుండా కొన్న నాదే తప్పు.

నాకు చిన్నప్పటి భజన గుర్తొచ్చింది. మేము పిల్లలం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు పాటలు చూసి పాడేవాళ్ళం. ఒక్క అక్షరం తప్పేది కాదు. ఒక్క ముక్క అర్థమయ్యేది కూడా కాదు. చూసేవాళ్ళు మాకు తెలుగు వచ్చు అనుకునేవాళ్ళు.

కొనే ముందు ఏం చూడాలి

ఈ చరిత్ర అంతా చదివాక ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాను. ఇప్పుడు ఆఫీసు గది గోడకు అంటించాను.

ముందు కాపీ. డిస్కు చప్పుడు చేస్తుంటే వేరే ఏ పనీ చేయకుండా ముఖ్యమైన ఫైళ్ళు బయటికి తీయాలి. నాకు ఆ బుద్ధి ఆలస్యంగా పుట్టింది.

రెండు, ల్యాప్‌టాప్ పుట్టిన సంవత్సరం, పూర్తి మోడల్ నంబరు. అది అడుగున చీటీ మీద ఉంటుంది. ఒకే పేరుతో చాలా రకాలు అమ్ముతారు, కాబట్టి పేరు ఒక్కటే చాలదు. సంవత్సరం తెలిస్తే ఏ కాలపు స్లాటు ఉండవచ్చో ఊహించవచ్చు. ఊహ మీద మాత్రం కొనకూడదు.

మూడు, ఆ మోడల్ సర్వీసు మాన్యువల్. అందులో నిల్వ అన్న భాగం చూడాలి. రెండున్నర అంగుళాల గూడు ఉందా, మందం ఎంత? ఎం.2 స్లాటు ఉందా, ఏ కీ, ఏ పొడుగు? అన్నిటికన్నా ముఖ్యం, సాటానా, ఎన్‌విఎంఇనా, రెండూనా? స్లాటు ఖాళీగా కనిపించినంత మాత్రాన డిస్కు కోసం అనుకోవద్దు. అది వైఫై కార్డుదో, సిమ్ మోడెందో కావచ్చు. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో స్లాటే ఉండదు. 2015లో వచ్చిన 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో ఫ్లాషును బోర్డుకే అతికించారు.

నాలుగు, మందం. కొన్ని ఎం.2 డిస్కులకు రెండు వైపులా చిప్పులు ఉంటాయి. కొన్నింటికి వేడి పోవడానికి లోహపు పలక ఉంటుంది. అది డెస్క్‌టాప్‌కు బాగుంటుంది, పలచని ల్యాప్‌టాప్‌లో మూత పడదు.

అయిదు, అందులోంచి కంప్యూటర్ మొదలవ్వాలా, లేక ఫైళ్ళు పెట్టుకుంటే చాలా? పాత బయోస్ ఉన్న ల్యాప్‌టాప్ ఎన్‌విఎంఇ డిస్కు నుంచి మొదలవ్వలేకపోవచ్చు. విండోస్ 7కు ఎన్‌విఎంఇ పుట్టుకతో రాదు, తర్వాత ఇచ్చిన అప్‌డేట్ కావాలి. విండోస్ 8.1 నుంచి వచ్చు. 2 టెరాబైట్లు దాటిన డిస్కు అయితే పాత ఎంబీఆర్ పద్ధతికి మళ్ళీ ఆ లెక్క హద్దే అడ్డొస్తుంది. జీపీటీ పద్ధతి కావాలి.

ఆరు, తరం. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో 3, 4, 5 అని తరాలు ఉన్నాయి. 3 ఉన్న ల్యాప్‌టాప్‌లో 4 డిస్కు పెట్టినా సాధారణంగా పనిచేస్తుంది, 3 వేగంతోనే. దీని గురించి భయం వద్దు, ఎక్కువ డబ్బు కూడా వద్దు.

ఏడు, పాత డిస్కుకు తాళం వేసి ఉందా? బిట్‌లాకర్ ఉంటే దాని తాళం నంబరు ముందే రాసి పెట్టుకోవాలి.

గుడికి తిరిగి

ఆ కాగితం పట్టుకుని ఆదివారం కమిటీ మీటింగుకు వెళ్ళాను. నేను తప్పు డిస్కు కొన్నాను, డబ్బు నేను కడతాను అని చెప్పాను. కోశాధికారి అన్న నా వైపు చూసి, ఆ డిస్కు పాడైపోయిందా అని అడిగాడు. లేదు అన్నాను. అయితే దేనికైనా పనికొస్తుందేమో చూడమ్మా, పారేసిన దానికి కదా కట్టాలి అన్నాడు.

పనికొచ్చింది. మన కుర్రవాడే దారి చెప్పాడు. ఎన్‌విఎంఇ డిస్కును లోపల పెట్టుకునే చిన్న యూఎస్‌బీ డబ్బా దొరుకుతుంది. డబ్బా లోపల ఉన్న చిప్పు ఎన్‌విఎంఇ మాటను యూఎస్‌బీ మాటగా మారుస్తుంది. అంటే దుబాసీ అన్నమాట. అందులో కూడా ఎన్‌విఎంఇ డబ్బాలు వేరు, ఎం.2 సాటా డబ్బాలు వేరు. ఈసారి అడిగి కొన్నాను.

శుక్రవారం రాత్రి కాపీ మొదలుపెట్టాం. పాత బ్యాటరీ అరగంట కూడా నిలవదు. ఇక్కడ కరెంటు కోతలు మీకు తెలిసినవే. అందుకని కోత లేని గంటలు చూసుకుని, గుడి ఇన్వర్టర్‌కు తగిలించి కూర్చున్నాం. డిస్కు టిక్ టిక్ అంటూనే ఉంది. ముందు పాటలు, తర్వాత రసీదులు అని వరుస పెట్టుకున్నాం. రాత్రి ఒంటిగంటకు పూర్తయింది. రెండు పాటలు రాలేదు. ఎన్నిసార్లు అడిగినా డిస్కు ఇవ్వలేదు. అందులో ఒకటి అమ్మది.

మిగతావన్నీ వచ్చాయి. నేను తప్పుగా కొన్న డిస్కులోకే మొదట వచ్చాయి. తర్వాతి వారం ఎం.2 సాటా 2280 డిస్కు ఒకటి కొన్నాం. ఆ ఖాళీ స్లాటులో పెట్టాం. మళ్ళీ అదే చిన్న స్క్రూ బిగించాం. ఈసారి పేరు కనపడింది. ల్యాప్‌టాప్ అర నిమిషంలో మొదలవుతోంది. పాటలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, గుడి బీరువాలో యూఎస్‌బీ డబ్బాలో ఒకటి, మా ఇంట్లో ఒకటి.

డబ్బు కట్టనివ్వలేదు. కోశాధికారి అన్న పుస్తకంలో రెండు డిస్కులు అని రాసి, పక్కన నా చేత సంతకం పెట్టించాడు. తెలుగులో పెట్టాను.

అమ్మవి ఇప్పుడు మూడు పాటలు. అప్పట్లో నేను రికార్డు చేశాను గాని అర్థం అడగలేదు. ఇప్పుడు ఒక్కొక్క మాట ఆపి ఆపి విని రాసుకుంటున్నాను. లాలి పాటలో ఒక మాట నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. మా అవ్వ వాళ్ళ ఊరి మాట కావచ్చు. పూర్తిగా రాశాక ఇక్కడ పెడతాను. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఈలోగా మీ ఇంట్లో ఏదైనా పాత ల్యాప్‌టాప్ టిక్ టిక్ అంటుంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు కాపీ తీసుకోండి. ఉంటాను. నమస్కారం.